పండు లేని చెయ్యి

ఆ వేసవిలో మా తమ్ముడు ప్రార్థన మందిరం గోడ మీద, లోకంలోకి పాపం ఎలా వచ్చిందో బొమ్మ వేశాడు. పాపం చేసే మనిషికి నా మొహం పెట్టాడు.

ఆ సంగతి నాకు ముందుగా తెలియదు. తెర తీసిన రోజు అందరితో పాటే తెలిసింది. ఆడవాళ్ల వైపు వెనక బల్ల మీద కూర్చున్నాను. ఒళ్లో తమ్ముడి కూతురు. ఒక్క చోట కుదురుగా ఉండదు కాబట్టి దాన్ని ఇంట్లో బొంగరం అంటాం. మందిరం పెద్ద లేచి తాడు లాగాడు. గోడ మీంచి దుప్పటి జారింది. ముందు చెట్టు కనబడింది, ఆకు ఆకుకీ ఒక్కో రకం పచ్చ. కొమ్మకి చుట్టుకున్న పాము. చెట్టు వెనక నిలబడ్డ మగవాడు. అతని మొహం సగం ఆకుల నీడలో ఉంది, ఎవరనుకున్నా సరిపోతుంది. వాళ్లందరికన్నా ముందు, చెయ్యి చాచి ఎర్రటి పండు అందుకుంటున్న ఆడమనిషి. ఒళ్లంతా జుట్టుతోనూ ఆకులతోనూ కప్పేశాడు. ఆ పూట నాకు మిగిలిన మర్యాద అదొక్కటే.

జనం మెచ్చుకోలుగా గుసగుసలాడారు. అంతలో నా ముందు బల్లలో ఒక తల వెనక్కి తిరిగింది. దాని పక్క తల కూడా తిరిగింది. గోడకేసి ఒకసారి, నాకేసి ఒకసారి. బొంగరం నా గడ్డం పట్టుకుని తిప్పి చూసి, అందరికీ వినబడేలా అంది.

"అత్తా, నువ్వే."

ఇంటికి వచ్చాక తమ్ముణ్ని అడిగాను. వాడు పెరట్లో కూర్చుని కుంచెలు కడుగుతున్నాడు. కొట్ల బోర్డులు రాసుకుని బతికేవాడు. మిషన్ మీద అచ్చేసే బోర్డులు వచ్చాక చేతిలో పని లేక చాలాకాలం గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాడు. మందిరం గోడ దొరికాకే మళ్లీ మనిషి మొహాన కళ వచ్చింది.

"ఏరా, లోకంలో నీకు నా మొహమే దొరికిందా?"

"ఏం, బాగా కుదరలేదా?"

"కుదరడం గురించి కాదు నేనడిగేది."

వాడు కుంచె విదిలించాడు. "నీ మొహమైతే చూడకుండా వేస్తానక్కా. అమ్మ పోయాక పొద్దున్న లేచి నేను చూసింది నీ మొహమే కదా. నీ మరదలి మొహం వెయ్యమంటే ఇప్పటికీ ముక్కు దగ్గర ఆగిపోతాను."

నా కోపం సగం అక్కడే కరిగిపోయింది. వాడు ఊరుకుంటే మిగతా సగం కూడా కరిగేది. నన్ను సంతోషపెడుతున్నాననుకుని ఇంకో మాట అన్నాడు.

"పైగా ఆ చూపు కావాలి కదా. చెయ్యి చాచేసింది, ఇకమీదట ఏమవుతుందో ఇంకా తెలీదు. ఆ చూపు ఎంత తన్నుకున్నా రాలేదు. చివరికి నువ్వు సంచి పట్టుకుని వచ్చేసిన రోజు గుర్తొచ్చింది. తలుపు తీసింది నేనే కదా."

వాడి గొంతులో చెడు ఏమీ లేదు. కట్టుకున్నవాణ్ని వదిలేసి వచ్చి చాలా ఏళ్లయింది. ఎందుకు వచ్చేశానో నాన్నకి ఒక్కడికే చెప్పాను. ఆయన ఎవరికీ చెప్పలేదు, అడిగినవాళ్లని అడగనివ్వలేదు. ఆ రోజు తలుపు ముందు నిలబడ్డప్పుడు నాది బతికి బయటపడ్డ మనిషి మొహమని ఇన్నాళ్లూ అనుకున్నాను. తలుపు తీసినవాడికి అది ఇలా కనబడిందన్న మాట.

నేను టైలరింగ్ షాపులో పనిచేస్తాను. బళ్లు తెరవడానికి ముందు వేసవంతా యూనిఫారాల పనే, తల ఎత్తడానికి వీలుండదు. కొలతలు తీయడం నా వంతు. పిల్లలు నా దగ్గర కదలకుండా నిలబడతారని మా టైలరమ్మకి నమ్మకం. తెర తీసిన మరుసటి వారం ఒక తల్లి పిల్లవాణ్ని తీసుకొచ్చింది. నేను టేపు తీయగానే టైలరమ్మ చెవి దగ్గరకి వంగి ఏదో అంది. టైలరమ్మ నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉంది. వాటిని ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసి, నాకేసి చూడకుండా అంది.

"నువ్వు లోపలికెళ్లి కాజాలు కుట్టమ్మా. ఇక్కడ ఎండ కొడుతోంది, లోపలైతే చల్లగా ఉంటుంది."

లోపలి గదికి కిటికీ లేదు. ఇస్త్రీ పెట్టె ఉండేది అక్కడే. ఆ వేసవంతా నేను ఆ చల్లదనంలోనే కాజాలు కుట్టాను.

పళ్ల బండివాడు నన్నెప్పుడూ అక్కా అనే పిలుస్తాడు. ఒక సాయంత్రం నేను పండు చేతిలోకి తీసుకోబోతుంటే, "నువ్వు ముట్టుకోకక్కా, నేనే ఏరి ఇస్తా. మళ్లీ మా అందరి కొంపా ముంచుతావు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. వాడు సరదాకే అన్నాడు. నేనూ నవ్వాను. వాళ్లు నవ్వినందుకు కాదు, వాళ్లతో కలిసి నేను నవ్వినందుకు ఆ సాయంత్రం ఇంటికి వచ్చి మొహం కడుక్కున్నాను. కడిగిన మొహం మళ్లీ కడిగాను.

తమ్ముడి పని మాత్రం పుంజుకుంది. పక్క ఊరి మందిరం వాళ్లు వచ్చి బొమ్మ చూసి, తమ గోడకీ అచ్చం ఇలాంటిదే కావాలన్నారు. మరదలి కాళ్లు నేలమీద నిలవలేదు. కిటికీలకి కొత్త తెరలు కుట్టమని గుడ్డ తెచ్చి నా ఒళ్లో పడేసింది. నేను కుడుతుంటే పక్కన కూర్చుని, కాసేపు అటూ ఇటూ మాట్లాడి అసలు మాటకొచ్చింది.

"ఏమనుకోకు వదినా. కొన్నాళ్లు మందిరానికి నువ్వు పక్క తలుపు గుండా రాకూడదూ? ముందు తలుపున వస్తే అందరూ నిన్నే చూస్తున్నారు. ప్రార్థన మీద ధ్యాస నిలవట్లేదంటున్నారు."

"ఎవరంటున్నారు?"

"ఎవరో ఒకరిలే. మనసులో అందరూ అంటారు, ఒకరు పైకంటారు."

సరేనన్నాను. ఎందుకు సరేనన్నానో చెప్పడం కష్టం. చెయ్యని దానికి సిగ్గెందుకు అని దూరాన ఉన్నవాళ్లు తేలిగ్గా అంటారు. చాలామంది మనల్ని ఒకేలా చూస్తున్నప్పుడు, వాళ్లకి కనబడుతున్నదేదో మనలో ఎక్కడో ఉండి ఉంటుందనిపిస్తుంది. దాన్ని వెతకడం మొదలెడతాం. కాజాలు కుడుతూ నేను అదే పని చేశాను. చిన్నప్పుడు తమ్ముడి వాటా తిన్నానా, నాన్నకి మందు వెయ్యడం ఏ పూటైనా మరిచిపోయానా, అత్తింట్లో ఇంకొన్నాళ్లు ఓర్చుకుంటే ఏమై ఉండేది. వెతికితే దొరక్కుండా ఎవరికుంటుంది. దొరికిన ప్రతిదీ ఆ గోడ మీది మొహానికి చక్కగా అతికింది.

మందిరం పెద్దకి బజార్లో కళ్లజోళ్ల దుకాణం ఉంది. అందరూ ఆయన్ని కళ్లద్దాలాయన అంటారు. వేసవి సెలవుల్లో పొద్దున్న పూట పిల్లల్ని ఆ బొమ్మ ముందు కూర్చోబెట్టి కథ చెప్పేవాడు. బొంగరం రోజూ వెళ్లేది. ఒక మధ్యాహ్నం ఇద్దరం ఫ్యాను కింద మంచమ్మీద పడుకున్నాం. నిద్రపోయిందనుకున్నాను.

"అత్తా, ఆ పండు తినకముందు ఎవ్వరూ చచ్చిపోయేవాళ్లు కాదంట."

"అలాగని చెప్పారా?"

"ఊ. మరి నువ్వెందుకు తిన్నావు?"

"నేను కాదే. అది బొమ్మ."

"నీ మొహమే కదా. నువ్వేనని నాన్న చెప్పాడు." కాసేపు కాళ్లు ఊపింది. "నువ్వు తీసుకోకపోతే తాతయ్య ఉండేవాడా?"

నాన్న ఆ ముందు చలికాలమే పోయారు. ఆయాసంతో రొమ్ము ఎగిసిపడుతున్నా, ఈ పిల్లని పొట్ట మీద పడుకోబెట్టుకునే నిద్రపోయేవారు. పోయిన రోజు దాన్ని పక్కింటికి పంపించాం. తిరిగి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. అప్పట్నించీ అది తాతయ్య గురించి ఎవరినీ ఏమీ అడగలేదు. మొదటిసారి అడిగింది ఇది.

కాదని చెప్పాలి. ఆయనకి ఊపిరితిత్తులు పాడయ్యాయని, పెద్దవాళ్లు అలాగే వెళ్లిపోతారని చెప్పాలి. నా నోటి వెంట వేరే మాట వచ్చింది.

"తెలీదు తల్లీ."

అప్పటికి నాకు నిజంగానే తెలియకుండా పోయింది.

ఆ వారం గడవకముందే కళ్లద్దాలాయన మా ఇంటికి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. ఎవరో గోడ మీది బొమ్మని గీకేశారని చెప్పాడు. మిగతా బొమ్మంతా బాగానే ఉందట. చేతిలోని పండొక్కటే లేదట, ఆ మేర సున్నం బయటపడిందట. గీకింది గోడకి పుట్టీ పూసే రేకుతోనట. ఆ రేకు మా ఇంటిదే, తమ్ముడి పెట్టెలోది, మందిరంలో బల్ల కింద దొరికింది. ఆయన దాన్ని కాగితంలో చుట్టి తెచ్చాడు.

మరదలు నాకేసి చూసింది. తమ్ముడూ చూశాడు. బొంగరం బల్ల కింద కూర్చుని కాళ్లు ముడుచుకుంది. దాని గోళ్లలో ఎర్రటి రంగు ఇరుక్కుని ఉంది. అది నాకొక్కదానికే కనబడుతోంది. తల్లి చెయ్యి ఎంత దురుసో నాకు తెలుసు.

"నేనే" అన్నాను.

"అనుకున్నాను" అన్నాడు కళ్లద్దాలాయన.

అంత సులువుగా అతికిపోయింది. ఎందుకు చేశావని ఎవరూ అడగలేదు. వచ్చే ప్రార్థన రోజున అందరి ముందూ తప్పు ఒప్పుకుంటే ఇక ఆ మాట ఎత్తబోమని చెప్పి ఆయన వెళ్లిపోయాడు.

ఆ రోజు ముందు తలుపు గుండానే తీసుకెళ్లారు. గోడ పక్కన నిలబెట్టారు. వెనక నా మొహం, పండు లేని చెయ్యి. ఆ చేతి మధ్య తెల్లటి సున్నం మచ్చ. ముందు జనం. నా చూపు తమ్ముడి మీద పడింది. వాడు మోకాళ్ల మధ్య చేతులు పెట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. తప్పయిందని, మన్నించమని చెప్పాను. చెప్పడం ఏమంత కష్టం కాలేదు. దేన్ని గురించి చెబుతున్నానో తెలియకపోవడం వల్ల కాబోలు.

ఆ తరవాత జరిగింది నేను తట్టుకోలేకపోయాను. అందరూ మంచివాళ్లైపోయారు. ఆడవాళ్లు వచ్చి చేతులు పట్టుకున్నారు. ఒకావిడ కళ్లు తుడుచుకుంది. పిల్లవాడి కొలతలు తియ్యనివ్వని ఆ తల్లి, "మనుషులన్నాక జరుగుతుంటాయిలే" అని నా భుజం నిమిరింది. వాళ్లకి నా మీద ఎంత జాలి కలిగిందో, నేను చెయ్యని తప్పు ఒప్పుకున్నందుకు వాళ్ల మనసులు ఎంత తేలికపడ్డాయో చూస్తుంటే, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మర్నాడు మధ్యాహ్నం పండు మళ్లీ వెయ్యడానికి తమ్ముడు వెళ్తూ నన్నూ రమ్మన్నాడు. మందిరంలో ఎవరూ లేరు. వాడు గీకిన చోట వేలితో తడిమాడు.

"నువ్వు గీకితే గీతలు పైనుంచి కిందికి పడేవి" అన్నాడు. "ఇవి కిందనుంచి పైకి ఉన్నాయి. బల్లెక్కినా చెయ్యి సరిగా అందలేదు దానికి."

"తెలుసా నీకు?"

"ఆయన ఇంటికొచ్చిన రోజే ఇక్కడికొచ్చి చూసి పోయాను. నిన్న అందరి ముందూ లేచి చెబుదామనుకున్నా అక్కా." కుంచె కొన వేలితో సరిచేశాడు. "కాళ్లు లేవలేదు."

వాడు ఎరుపు కలిపాడు. కలిపింది కలిపినట్టే పక్కన పెట్టి, "పోనీ, మొహం మార్చేస్తాను. ఒక్క పూట పని" అన్నాడు.

"ఎవరిది పెడతావు?"

వాడు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. తెలిసిన ఆడవాళ్ల మొహాలు ఒక్కొక్కటే వాడి కళ్ల ముందుకొచ్చి పోవడం నాకు తెలుస్తూనే ఉంది. అలా చాలాసేపు కూర్చుని, చివరికి కుంచె ఎరుపులో ముంచి పండు వేశాడు. అంతకుముందు దానికన్నా కాస్త చిన్నగా వచ్చింది.

బొంగరం ఆ ప్రార్థన రోజు నుంచీ నా పక్కన పడుకోవడం మానేసింది. నేను గదిలోకి వస్తే తను బయటికి వెళ్లేది. భయపడిందేమో, కొన్నాళ్లకి సర్దుకుంటుందిలే అనుకున్నాను. ఒక సాయంత్రం వంటింట్లో గాజు గ్లాసు భళ్లున పగిలింది. నేను గుమ్మంలోనే ఉన్నాను. అది బల్ల మీంచి తీయబోతే చెయ్యి జారింది, అంతే. మరదలు పెరట్లోంచి కేకేసింది.

"ఎవరే పగలగొట్టింది?"

అంతకుముందు ఆ పిల్ల ఏం చేసినా పరుగెత్తుకొచ్చి, ఇదిగో ఇది విరిగింది అని తనే చూపించేది. దెబ్బలు తినేది, మరిచిపోయేది. ఈసారి గాజు పెంకుల మధ్య నిలబడి తలుపుకేసి చూసింది.

"అత్త" అంది.

నాకేసి చూడలేదు. మరదలు వచ్చి, నన్ను చూసి, "చూసుకోవచ్చుగా వదినా" అని చీపురు తెచ్చింది. బొంగరం ఆ సందులో జారుకుంది. వెళ్లేటప్పుడు కూడా తల ఎత్తలేదు. మందిరంలో అందరి ముందుకీ నేను నడిచినట్టే ఉంది దాని నడక.

దాన్ని కాపాడాననుకున్నాను. మా ఇంట్లో దాచుకోవడం తెలియని మనిషి అదొక్కతే. దానికి నేర్పింది నేను.

మర్నాడు షాపుకి వెళ్లకుండా దాని చెయ్యి పట్టుకుని కళ్లజోళ్ల దుకాణానికి నడిచాను. దారిలో రెండుసార్లు చెయ్యి లాక్కోబోయింది. కళ్లద్దాలాయన ఒక్కడే ఉన్నాడు. కళ్లు పరీక్ష చేసే ఎత్తు కుర్చీలో పిల్లని కూర్చోబెట్టాను. ఎదురుగా వెలుగుతున్న అక్షరాల బోర్డు.

"గోడ గీకింది నేను కాదండీ" అన్నాను. "ఇది. ఎందుకు గీకిందో మీరే అడగండి."

ఆయన నన్ను చూశాడు, పిల్లని చూశాడు. ముక్కాలిపీట లాక్కుని దాని ఎదురుగా కూర్చున్నాడు.

"నువ్వు గీకావా అమ్మా?"

తల ఊపింది.

"ఎందుకూ?"

"అత్త చేతిలో లేకుండా."

"లేకపోతే?"

"తినదు. తినకపోతే తాతయ్య చచ్చిపోడు." అనుమానంగా అడిగింది. "మీరే చెప్పారు కదా."

ఆయన కళ్లజోడు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. ఎన్నేళ్లుగానో ఆ కథ చెబుతున్న మనిషి. తనకి నేర్పినవాళ్లు చెప్పినట్టే చెబుతున్నాడు, అందులో ఆయన కల్పించింది ఏమీ లేదు.

"అది మీ అత్త గురించి కాదమ్మా" అన్నాడు. "మనుషులందరి గురించీ."

"అక్కడ అత్తే ఉంది కదా."

గోడకున్న కళ్లజోళ్లన్నీ మమ్మల్నే చూస్తున్నట్టు వేలాడుతున్నాయి. నేను పిల్ల పక్కన వంగి, "గోడ గీకినందుకు తప్పయిందని చెప్పు. దానికొక్కదానికే" అన్నాను.

"గోడ గీకినందుకు తప్పయింది" అంది. ఊపిరి తీసుకుని, "గ్లాసు కూడా నేనే పగలగొట్టాను" అంది.

"ఏ గ్లాసు?" అన్నాడు ఆయన తెల్లబోయి.

నేనెత్తుకోగానే మెడ చుట్టూ చేతులు వేసింది. చాలారోజుల తరవాత. దుకాణం మెట్ల దాకా ఆయన మాతో వచ్చాడు.

"ఆ రోజు అనుకున్నానన్నాను" అన్నాడు, వీధికేసి చూస్తూ. "అడగవలసింది. అనుకోవలసింది కాదు."

ఆ తరవాత పెద్దగా ఏమీ జరగలేదు. మందిరంలో ఎవరూ లేచి ఏమీ చెప్పలేదు. జాలిపడ్డవాళ్లు తమ జాలిని వెనక్కి తీసుకోనూ లేదు, నేను తప్పు చేయలేదన్న మాట వాళ్ల దాకా చేరనూ లేదు. పక్క ఊరి వాళ్లతో తమ్ముడు చెట్టు వేస్తాను, పాముని వేస్తాను, మనుషుల్ని మాత్రం వెయ్యనన్నాడట. మనుషులు లేని పాపం ఎక్కడైనా ఉంటుందా అని వాళ్లు వేరే పనివాణ్ని చూసుకున్నారు. మరదలు వాడితో కొన్నాళ్లు మాట్లాడలేదు. నాతో మాట్లాడేది గాని ఆ గోడ మాట రానిచ్చేది కాదు. బళ్లు తెరిచే ముందు పని ముంచుకొచ్చి, టైలరమ్మ నన్ను మళ్లీ ముందు గదిలోకి పిలిచి మెళ్లో టేపు వేసింది.

వానలు మొదలయ్యే రోజుల్లో ఒక ప్రార్థన పూట వెళ్లేసరికి, బొమ్మ ముందు పాటల పుస్తకాల బీరువా నిలబెట్టి ఉంది. పెద్ద చెక్క బీరువా. అటు గోడకి చెమ్మ పడుతోందని, పుస్తకాలు పాడవుతాయని కళ్లద్దాలాయనే జరిపించాడట. ఆడమనిషి మొత్తం దాని వెనక్కి వెళ్లిపోయింది. మగవాడూ పామూ మాత్రం చెరో పక్కనా మిగిలి, ఇద్దరూ కళ్లప్పగించి బీరువాకేసి చూస్తున్నారు.

"అత్తా, వాళ్లకి పుస్తకం కావాలంట" అంది బొంగరం.

నాకు నవ్వాగలేదు. పైకే నవ్వేశాను. నవ్వి, ఎవరైనా చూశారేమోనని వెనక్కి తిరిగాను.